ముప్పయ్యో కేసు

ఎండకారు, 58వ రోజు

మార్జిన్లు కుదిరాయి. పైన అంగుళం, కింద అంగుళం, పక్కల ముప్పావు అంగుళం. రెండు కాలమ్‌లు, మధ్యన పావంగుళం ఖాళీ. డాక్టర్ సుంకులమ్మ చేత్తో రాసిచ్చిన నలభై రెండు కాగితాలను ఆరు పేజీల్లోకి దించాలి. ఇవాళ మూడో పేజీ సగం దాకా వచ్చాను.

ఏ రోజు ఏం కూర్చాడో, అక్షరాలు కూర్చే కూర్పరి తన చేతిరాతతో రాసిపెట్టుకోవాలన్నది లైసెన్సు నియమం. తుమ్మలగనిలో సదస్సు పేపర్లు కూర్చే లైసెన్సు నా ఒక్కడికే ఉంది. మా ముత్తాత ఏదో యూనివర్సిటీ గేటు ముందు కొట్టు పెట్టుకుని పిల్లల థీసిస్‌లు టైపు చేసి, బైండింగ్ చేసి ఇచ్చేవాడట. ఆ కొట్టు బోర్డు మీదున్న మాటే మాకు ఇంటిపేరై కూర్చుంది. నన్ను అందరూ డీటీపీ మద్దిలేటి అంటారు. ఆ మూడు అక్షరాలకు అర్థమేమిటో నాకూ తెలియదు.

మామూలుగా నా దగ్గరికి వచ్చేవి చిన్న పేపర్లు. తక్కువ నీళ్లతో కొర్ర పండించడం, పైకప్పు పగుళ్లకు సున్నం ఎంత పాళ్లలో కలపాలి, అలాంటివి. ఇది వేరు. రెండేళ్ల కిందట కేంద్రం నుంచి వచ్చిన ఏడో లాట్ ఫిల్టర్ షీట్లలోంచి సన్నటి పోగులు రాలుతున్నాయనీ, వాటిని పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయనీ డాక్టరమ్మ రాసింది. ఇప్పటికి ఇరవై ఏడు మంది పోయారు. పోయిన ప్రతి మనిషి ఊపిరితిత్తి ముక్కనూ ఆమె మైక్రోస్కోపు కింద పెట్టి పోగులు లెక్కపెట్టింది.

మధ్యాహ్నం హుసేనప్ప వచ్చి నా బల్ల పక్కన కూలబడ్డాడు. మా గని పాత నాపరాళ్ల గని. బయటి ఎండకు తాళలేక పైన కప్పు వేసుకుని లోపల బతుకుతున్నాం. నాలుగు గాలిగూళ్లు ఉన్నాయి. బయటి గాలి వాటిలోంచే ఫిల్టర్ దాటి లోపలికి రావాలి. ఫ్యాన్లు తిప్పేదీ, షీట్లు మార్చేదీ హుసేనప్పే. చిన్నప్పటి నుంచీ నాకు స్నేహితుడు.

"ఇంత తంటా ఎందుకప్పా? ఈ షీట్లు చెడ్డవి, మంచివి పంపండని ఒక ఉత్తరం ముక్క రాస్తే పోదా?" అన్నాడు.

"ఉత్తరాలు చదివేవాళ్లు యాడున్నార్రా?"

అతనికీ తెలుసు. మా నాన్న కాలంలో ప్రతి గనీ రాతయంత్రాలు పెట్టి కేంద్రానికి మొరపెట్టుకునేది. లేని కలరా, లేని కరువు, కూలని కప్పులు. రోజుకు వేల ఉత్తరాలు, ఒక్కోటీ చదివితే కన్నీళ్లొచ్చేట్టు ఉండేవట. అన్నీ యంత్రం రాసినవే. ఏది నిజమో తేల్చుకోలేక కేంద్రం ఉత్తరాలు తీసుకోవడం మానేసింది. ఇప్పుడు ఏడాదికొకసారి సదస్సు. మనిషి కొట్టిన ప్రతి అక్షరమూ నమోదయ్యే మిషన్ మీద, చెప్పిన నమూనాలో కూర్చిన పేపరు మాత్రమే గేటు దాటుతుంది. గేటు అంటే కేంద్రంలో పేపర్లను సరిచూసే యంత్రం. దాన్ని దాటితే పెద్దలు చదువుతారు. వాళ్లు ఒప్పుకుంటే పదిహేను రోజుల్లో ఆర్డరు బయల్దేరుతుంది. ఒక పేపరుకు ఏడాదిలో మూడే ప్రయత్నాలు. ఈసారి ఆఖరు తేదీ తొంభయ్యో రోజు.

"అయితే బిరీన కొట్టు," అని హుసేనప్ప దగ్గుకుంటూ లేచాడు.

ఎండకారు, 61వ రోజు

ఇవాళ పట్టిక పని. పట్టికలో పేర్లు ఉండకూడదు. నంబరు, ఆడా మగా, వయసు, చేసే పని, పోగుల లెక్క, అంతే. నర్సు కాశమ్మ రిజిస్టరు పట్టుకుని చదువుతుంటే నేను కొట్టాను. ఆస్పత్రిలో డాక్టరమ్మ తర్వాత ఉన్నది కాశమ్మ ఒక్కతే. పోయినవాళ్ల ఊపిరితిత్తి ముక్కలు కోసి తీసింది కూడా ఆమే.

"కేసు ఎనిమిది. మగ. నలభై ఆరు. బండలు కోసే పని. పోగులు ముప్పై ఒకటి."

తర్వాతి వరస మీద వేలు ఆపింది. తలెత్తి చూశాను.

"కేసు తొమ్మిది," అంది. "ఆడ. ముప్పై ఎనిమిది. బట్టలు కుట్టే పని. పోగులు నలభై."

"మీ అక్క గదా?"

"అవునన్నా. పేరు రాయకూడదు గదా. కొట్టు."

పట్టిక పేరు పట్టికకు పైన ఉండాలి. బొమ్మ పేరు బొమ్మకు కింద ఉండాలి. 'మేము చూశాం' అనకూడదు, 'గమనించడమైనది' అనాలి. డాక్టరమ్మ 'మేము' అని యాభై మూడు చోట్ల రాసింది. అన్నీ తీసేశాను.

ఎండకారు, 64వ రోజు

ఉదయం పది గంటలకు పంపాను. పదకొండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

'తిరస్కరణ. కనీస కేసుల సంఖ్య 30. సమర్పించినవి 27.'

నిరుడు ఇరవై ఐదే. ఈ ఏడు నియమాల పుస్తకంలో ఎనభై ఎనిమిదో పేజీ అడుగున మార్చారు. నిరుటి అలవాటు మీద నేను ఆ పేజీ తిప్పేశాను. ఇరవై రెండేళ్లలో ఇలాంటి తప్పు చేయలేదు.

కాగితం పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరమ్మ చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. ఈ గనిలో బండలు కోసేవాళ్ల ఇంట్లోనే పుట్టి, కేంద్రానికి వెళ్లి చదువుకుని, తిరిగొచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంది.

"ఇరవై ఏడు మంది చాలరంటనా?"

"ముప్పై కావాలంట. తప్పు నాదే డాక్టరమ్మా. ముందే చూసుకోవాల్సింది."

"ముందే చూసింటే మాత్రం, ఇంకో ముగ్గుర్ని యాడ్నుంచి తెస్తావు?"

ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. వార్డులో పన్నెండు మంది ఉన్నారు. వాళ్ల జబ్బు ఏమిటో మాకు తెలుసు. అయినా వాళ్లు లెక్కలోకి రారు. ఊపిరితిత్తి ముక్కలో పోగులు కనబడితేనే అది కేసు. బతికున్న మనిషి నుంచి ఆ ముక్క తీయడం ప్రాణం మీదికి తెచ్చే పని. తేడా వస్తే చూసుకోవడానికి ఇక్కడ సర్జన్ లేడు. అందుకే ఇంతవరకూ డాక్టరమ్మ ఎవరి మీదా సూది ఎత్తలేదు.

ఎండకారు, 69వ రోజు

రామాంజులమ్మ పోయింది. మూడో మెట్టు దగ్గర ఉగ్గాని చేసి అమ్మే మనిషి. పొద్దున్నే నా కొట్టుకు ఆకులో చుట్టి పంపేది. మిరపకాయ బజ్జీ వద్దన్నా పెట్టేది.

కేసు ఇరవై ఎనిమిది. ఆడ. యాభై రెండు. వంటపని. పోగులు ఇరవై ఆరు.

ఒక్క వరస పెరిగేసరికి రెండు లైన్లు ఏడో పేజీలోకి జారాయి. ఏడో పేజీ ఉంటే గేటు తీసుకోదు. అక్షరం పది పాయింట్ల కన్నా తగ్గించకూడదు. ఎక్కడో ఒకచోట కోయాలి. నాలుగో పేజీలో డాక్టరమ్మ రాసిన పేరా ఒకటి ఉంది. ఈ జబ్బు వచ్చినవాళ్లు పడుకోలేరు, కూర్చునే నిద్రపోతారు, ఇంట్లోవాళ్లు వంతులు వేసుకుని వెనక కూర్చుని వీపు ఆనిస్తారు అని. అందులో లెక్క లేదు, కొలత లేదు. తీసేశాను. రెండు లైన్లూ వెనక్కి వచ్చాయి.

సాయంత్రం డాక్టరమ్మ పేజీలు తిరగేసింది. "అది తీసేస్తివా," అని మాత్రం అంది.

ఎండకారు, 75వ రోజు

హుసేనప్ప పోయిన వారం మూడో గాలిగూటికి షీటు పీకేసి, తడిపిన నూలు చీరలు కట్టి చూశాడు. గంటలో చీరలు ఎండి అట్టలయ్యాయి. గాలి ఆడక మోటారు కాలింది. షీటు లేకపోతే దుమ్ము. ఫ్యాను ఆపితే ఊపిరాడదు. ఎనిమిది వందల డెబ్బై మంది పీల్చాలి. మళ్లీ అదే లాట్ షీటు తెచ్చి తన చేత్తోనే బిగించాడు. రెండు రోజులకు వార్డులో చేరాడు.

నిన్న వెళ్తే దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అతని భార్య దస్తగిరమ్మ పక్కనే ఉంది.

"నాది ఎన్నో నంబరప్పా?" అన్నాడు.

"నీకు నంబరెందుకురా. లేసి వస్తావు."

"అక్షరం తప్పు పోనీయవు గానీ, అబద్ధం చెప్పను మాత్రం రాదు నీకు." మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఇంకా ఎన్ని కావాల?"

దస్తగిరమ్మ చెప్పింది. "రెండంట."

"అయితే ఒకటి తగ్గించుకో," అన్నాడు.

ఈ ఉదయం పోయాడు. పోగులు నూట ఎనిమిది. ఇంతవరకూ అంత లెక్క ఎవరికీ రాలేదు. ఆ ఒక్క వరసతో పేపరు బలం రెట్టింపయిందని డాక్టరమ్మ అంది. అని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

కేసు ఇరవై తొమ్మిది. మగ. నలభై ఏడు. ఫిల్టర్ షీట్లు మార్చే పని. ఆ వరస కొట్టి, పట్టిక గీతలు సరిచేసి, ఆ తర్వాతే అతని ఇంటికి వెళ్లాను. ముందు ఇంటికి వెళ్లాల్సింది.

ఎండకారు, 81వ రోజు

ఇంకొకటి కావాలి. తొమ్మిది రోజులున్నాయి.

నాలుగో మంచం మీద ఓబయ్య ఉన్నాడు. కోత మిషన్ నడిపేవాడు, అరవై దాటినవాడు. ఐదు రోజులుగా అన్నం ముట్టలేదు. గోళ్లు నీలంగా మారాయి. నేను రోజుకు మూడు పూటలా వార్డుకు వెళ్తున్నాను. వెళ్లిన ప్రతిసారీ మందుల జాబితా సరిచూడాలనో, బొమ్మ కింది పేరు అడగాలనో ఒక సాకు ఉండేది. ముప్పయ్యో వరస ముందే గీసి పెట్టాను. వయసు దగ్గర అరవై మూడు అని కూడా కొట్టాను.

ఇవాళ పొద్దున వెళ్లేసరికి ఓబయ్య మంచం మీద కాళ్లు కిందికి వేసుకుని కూర్చున్నాడు.

"మద్దిలేటన్నా, ఆకలిగా ఉండాది. రవ్వంత సంగటి ఉంటే తెప్పియ్యి," అన్నాడు.

నాకు గీసి పెట్టిన ముప్పయ్యో వరస గుర్తొచ్చింది. కలిగింది సంతోషం కాదు. అది ఏమిటో నాకు వెంటనే తెలిసింది. తల తిప్పేసరికి గుమ్మంలో డాక్టరమ్మ నిలబడి నా మొహమే చూస్తోంది.

బయటికి పిలిచింది.

"ఏమనుకున్యావు ఇప్పుడు? నిజం చెప్పు."

"పోతాడనుకున్యా. లేసి కూర్చున్యాడు."

"కూర్చుంటే?"

చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నువ్వొక్కడివే కాదులే మద్దిలేటీ," అంది చివరికి. "పొద్దున ఆయప్ప నాడి చూసి, బాగుందని తెలిసినాక, నేనూ ఒక గడియ అట్లనే నిలబడితి. ముప్పై ఏండ్లు ఈ చేత్తో మందిచ్చి, ఇప్పుడు మనిషి ఎప్పుడు పోతాడా అని మంచం కాడ కాచుకోనుండేది. ఇట్ల వద్దు. ఇంకొకరు పోయేదాకా నేను కాచుకోను."

"మరి ముప్పై ఎట్లవుతుందమ్మా?"

"నాకూ ఉండాది ఈ జబ్బు. నాలుగు నెలలాయ. నాలోంచి తీయండి ముక్క."

ఎండకారు, 82వ రోజు

కాశమ్మ ఒప్పుకోలేదు. "పీనుగుల మీద కోసినదాన్ని నేను. ఊపిరి ఆడతా ఉండే మనిషి మీద నా చెయ్యి లేవదు," అంది. ఏడ్చింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఓబయ్యకు జావ తాగించి రమ్మని పంపింది. వచ్చాక మళ్లీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు కాశమ్మ వెళ్లి చేతులు కడుక్కుంది.

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి తిప్పి, వీపు మా వైపు పెట్టి, ఛాతీ కుర్చీకి ఆనించి కూర్చుంది. ఆమె ముందు ఒక అద్దం గోడకు ఆనించాం. వీపు వెనక రెండో అద్దం నేను పట్టుకున్నాను. ఒక అద్దంలోంచి ఇంకో అద్దంలోకి తన వీపు తనే చూసుకుంటూ సూది ఎక్కడ దిగాలో ఆమే చెప్పింది.

"అద్దం రవ్వంత కిందికి, మద్దిలేటీ. ఆఁ, అక్కడ. కాశమ్మా, ఆ ఎముక పై అంచు మీద. కింది అంచు వద్దు, నరం ఉంటాది. నేను ఊపిరి బిగబట్టినాక దించు."

ఆమె బిగబట్టింది. కాశమ్మ దించింది. అద్దం కదలకూడదని నేను కూడా ఊపిరి బిగబట్టాను.

ముక్క బియ్యపు గింజలో సగం ఉంది. డాక్టరమ్మ రవిక వేసుకుని, మైక్రోస్కోపు దగ్గరికి తనే నడిచి వెళ్లి కూర్చుంది. చాలాసేపు చూసింది.

"పదకొండు," అంది. "రాసుకో. కేసు ముప్పై. ఆడ. యాభై తొమ్మిది."

"పని?" అన్నాను.

"వైద్యం."

ఎండకారు, 83వ రోజు

తెల్లవారేసరికి డాక్టరమ్మకు ఒక పక్క ఊపిరి అందడం లేదు. సూది దిగిన చోట గాలి కారి, ఊపిరితిత్తి ముడుచుకుపోతోందని తనే చెప్పింది. తను చెప్తుంటే కాశమ్మ పక్కటెముకల మధ్య గొట్టం పెట్టింది. గొట్టం రెండో కొస మంచం కింద నీళ్ల సీసాలో ఉంది. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో బుడగలు వస్తున్నాయి.

"నువ్వు ఈడేం చేస్తాండావు? పోయి పంపు," అంది నన్ను.

పంపాను. బతికున్న కేసు కాబట్టి ఆమె సంతకం చేసిన సమ్మతి పత్రం కూడా జతచేశాను. తొమ్మిది నిమిషాల్లో తిరిగొచ్చింది.

'తిరస్కరణ. కేసు 30 సమ్మతి పత్రంలోని పేరు, రచయిత పేరు ఒక్కటే. రచయిత తన పేపరులో తానే కేసుగా ఉండరాదు.'

ఈసారి నేను పేజీ తిప్పేసి పోలేదు. ఆ నియమం పుస్తకంలో ఎక్కడుందో వెతికితే, రచయిత సొంతంగా చేసే వ్యాపారాల గురించి రాసిన చోట ఒక వాక్యంగా ఉంది. అది జబ్బుపడ్డ డాక్టరుకు తగులుతుందని ఎవరం అనుకోలేదు. ఇక మిగిలింది ఒక్క ప్రయత్నం.

ఎండకారు, 85వ రోజు

రెండు రోజులు ఆమెకు చెప్పకుండా దాచాను. ఇవాళ అడిగింది. చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విని, వెంటనే అంది.

"పేరు తీసెయ్."

"ఎవరి పేరు?"

"నాదే. ఇంకెవురిది? రచయిత అన్న చోట కాశమ్మ పేరు పెట్టు. నేను పట్టికలో ఉంటా."

"నా పేరా?" కాశమ్మ గొట్టం సరిచేస్తున్నదల్లా ఆగిపోయింది. "అందులో నేను రాసింది ఒక్క ముక్క ఉండాదా?"

"ముప్పై మంది ఊపిరితిత్తుల్లోంచి తీసింది ఎవురు మే? నేనా?"

"తీయమంటే తీసినా. ఆ మైక్రోస్కోపులో చూసింది నువ్వు. ముప్పై ఏండ్ల నీ పని. నా పేరుతో పోతే నేను దొంగనవుతా."

"పోగులు ఎవురు చూసినా పోగులే," అంది డాక్టరమ్మ. మాటకు మాటకు మధ్య బుడగల చప్పుడు. "పేపరు ఈసారి పోకుంటే మళ్లా ఏడాది. ఏడాదికి ఎంతమంది? నువ్వే లెక్క చెప్పు."

కాశమ్మ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

నా మిషన్ వార్డులోకి తెచ్చుకుని అక్కడే కూర్చుని మార్చాను. కేసు ముప్పైకి ఎదురుగా 'వైద్యం' అని ఉంటే, ఒక్క డాక్టరే ఉన్న గనిలో అది ఎవరో పోల్చవచ్చని గేటు పట్టుకుంటుంది. అది తీసి 'ఇతర పనులు' అని కొట్టాను. మొదటి పేజీ చదవమంది. చదివాను. పేపరు పేరు, దాని కింద: "రచయిత, బి. కాశమ్మ, నర్సు, తుమ్మలగని ఆస్పత్రి."

"ఇంటిపేరు నిండుగా రాయొచ్చు గదా. ఆ పొట్టక్షరం ఏంది?"

"నమూనాలో పొట్టక్షరమే ఉండాలమ్మా."

నవ్వింది. నవ్వితే సీసాలో నీళ్లు కుతకుతలాడాయి. ఆ తర్వాత గోడ వైపు తిరిగింది. నేను మిషన్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

"సరేలే," అంది అటువైపు నుంచే. "పంపు."

రచయిత ప్రమాణం ఒకటి ఉంటుంది. 'ఈ పని యావత్తూ నా ఆధ్వర్యంలో, నా బాధ్యత మీద జరిగింది.' కాశమ్మ దాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.

పదమూడు నిమిషాలు. 'స్వీకరణ. పరిశీలనకు పంపబడినది.'

ఎండకారు, 88వ రోజు

డాక్టర్ సుంకులమ్మ ఉదయం ఆరు గంటలకు పోయింది. రెండో ఊపిరితిత్తికి మోయలేనంత పని పడిందని కాశమ్మ చెప్పింది. ఎండ ముదరకముందే పైకి తీసుకెళ్లాం. ఎండకారులో ఇరవై మందికి మించి పైకి రాకూడదని కట్టడి ఉంది. మెట్ల దగ్గర ఎవరూ ఎవరినీ లెక్కపెట్టలేదు. ఓబయ్య కర్ర పట్టుకుని సగం మెట్లు ఎక్కి, ఇక ఎక్కలేక అక్కడే కూర్చున్నాడు.

కేసు పోతే గేటుకు తెలపాలన్న నియమం ఉంది కాబట్టి 'కేసు 30 మృతి' అని కొట్టి పంపాను. అంతకు మించి కూర్పు పని ఏమీ లేదు.

ఎండకారు, 104వ రోజు

జవాబు వచ్చింది. పేపరు అంగీకరించారు. ఏడో లాట్ షీట్లను నలభై ఒక్క గనుల నుంచీ వెనక్కి తీసుకోమని ఆర్డరు వేశారు. మనకు కొత్త షీట్లు నాలుగు రోజుల్లో వస్తాయి.

కాశమ్మకు వినిపించడానికి పరుగెత్తుకుంటూ వెళ్లాను. వార్డంతా విన్నది. దస్తగిరమ్మ అక్కడే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండో కాగితం నేను అప్పటికింకా చదవలేదు. వాళ్ల ముందే విప్పాను. పరిశీలకుల వ్యాఖ్యలు. మొదటి పరిశీలకుడు పట్టిక చక్కగా ఉందన్నాడు. రెండో పరిశీలకుడు ఇలా రాశాడు:

'ముక్క తీసిన నాటికి కేసు 30 బతికి ఉన్న రోగి. ఊపిరితిత్తిలోకి సూది దించే అధికారం నర్సుకు లేదు. అనుభవజ్ఞులైన వైద్యుల పర్యవేక్షణ ఉండి ఉంటే ఈ రోగి ప్రాణం దక్కేది. ఆ సమయంలో వైద్యులు ఎవరైనా హాజరుగా ఉన్నారా అన్నది రచయిత ఏడు రోజుల్లో ఒక్క వాక్యంలో తెలపాలి. లేని పక్షంలో నర్సు లైసెన్సు రద్దు.'

కాశమ్మ కాగితం నా చేతిలోంచి తీసుకుని తనే మళ్లీ చదివింది.

"ఉన్నారని రాద్దాం," అన్నాను. "ఉన్నారు గదా. నేను సాక్షి. అద్దం పట్టుకున్నది నేనే."

"ఎవురా డాక్టరు అంటారు."

"సుంకులమ్మ అని చెప్దాం."

"ఆమె యాడుండాది అంటారు." వేలితో కాగితం మీద చూపించింది. "ఈడుండాది. కేసు ముప్పై. అప్పుడు పేపరు రాసింది ఎవురని అడుగుతారు. అదీ బయటికొస్తాది. షీట్లు దోవలో ఉండాయి అన్నా. దోవలోనే వెనక్కి తిప్పుతారు."

దస్తగిరమ్మ ఆర్డరు కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

ఎండకారు, 108వ రోజు

షీట్లు వచ్చాయి. భర్త పక్కన నిలబడి చూసి నేర్చుకున్న పనిని దస్తగిరమ్మ ఒంటిచేత్తో చేసింది. నాలుగు గాలిగూళ్లకూ సాయంత్రానికల్లా బిగించింది. పాత షీట్లను తడిపిన గోనెల్లో చుట్టి పైకి పంపారు. మూడో గూటి కింద ఓ ఇరవై మంది చేరి, తలెత్తి ఊరికే గాలి పీలుస్తూ నిలబడ్డారు.

వార్డులో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. కొత్త గాలి వాళ్ల లోపలున్న పోగులను బయటికి తీయలేదు. ఎంతమంది మిగులుతారో కాశమ్మ చెప్పదు.

ఎండకారు, 111వ రోజు

జవాబుకు ఇవాళ ఆఖరు రోజు. కాశమ్మ నా కొట్టుకు వచ్చి బల్ల పక్కన నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. వాక్యం తనే చెప్పింది.

'ఆ సమయంలో వైద్యులు ఎవరూ హాజరుగా లేరు.'

నేను ఇరవై రెండేళ్లుగా ఎదుటివాళ్ల మాటలు కొడుతున్నాను. తప్పులు ఉంటే దిద్దుతాను. ఈ వాక్యంలో అక్షరం తప్పు లేదు. 'హాజరుగా' దాకా కొట్టి ఆగాను.

"కాశమ్మా, ఇంకొకసారి ఆలోచించుకో. లైసెన్సు పోతే మళ్లా రాదు. నీ పేరు మీద ఒక ప్రాణం రాసిపెడతారు."

"తెలుసన్నా. మన షీట్లు వచ్చినా, తక్కిన గనులవి ఇంకా దోవలో ఉండాయి."

"నువ్వు చంపలేదు."

"సూది దించింది నేనే గదా. ఆమె వీపు తిప్పి కూర్చున్నప్పుడు నా చెయ్యి లేవకపోతే ఏమనిందో నీకు వినపడిందా? నువ్వు అద్దం చూస్తాంటివి. 'కాశమ్మా, ఇది నా మాట మీద నువ్వు చేస్తాండే పని, నీకు పాపం లేదు' అనింది. ఆ మాట నేను విన్యా. చాలు. వాళ్లు ఏమన్నా రాసుకోనీ. కొట్టు."

మిగిలిన ఒక్క మాటా కొట్టాను. పంపాను. ఆరు నిమిషాల్లో రసీదు వచ్చింది. దానితోపాటే రద్దు ఉత్తర్వు కూడా వచ్చింది. ముందే కూర్చి పెట్టుకున్నట్టున్నారు. కొత్త డాక్టరును వచ్చే ఎండకారులో పంపుతారట.

కాశమ్మ జేబులోంచి లైసెన్సు కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది. దాన్ని తిరుగు కవరులో పెట్టి పంపడం కూడా నా పనే. తెల్లకోటు విప్పి మడిచి చంకలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లింది.

"ఇంటికేనా?" అన్నాను.

"ఇంటికెందుకు? ఏడో మంచం ఆయమ్మకు ఈ పూటకి వీపు తట్టాల. తట్టకుంటే కఫం కదలదు." ఆగి, నా వైపు తిరిగింది. "నియమాలు నీకు తెలుసు గదా అన్నా. లైసెన్సు లేనోళ్లు మనిషి వీపు తట్టకూడదని యాడన్నా రాసుండాదా?"

నేను పుస్తకం తీశాను. నర్సుల అధ్యాయం, రద్దుల అధ్యాయం, శిక్షల అధ్యాయం, పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉన్నవాటితో సహా చదివాను. ఒక్క పేజీ కూడా ఊరికే తిప్పలేదు. గంట పట్టింది. ఎక్కడా లేదు.

ఆ మాట చెబుదామని వార్డుకు వెళ్లాను. కాశమ్మ నా కోసం ఆగలేదు. ఏడో మంచం మనిషిని తన భుజానికి ఆనించుకుని, అరచేయి గుంటచేసి, వీపు మీద మెల్లగా తడుతోంది.